జ్వరము విడిచిన నాడు

పసిబిడ్డకు జ్వరము తగిలినప్పుడు దానిని కనిపెట్టి యుండుట మన యిండ్లలో ఏనాటి నుండియో వచ్చుచున్న గృహవిద్య. ఏ బడిలోను చెప్పకయే అది తల్లి నుండి కూతునకు, అత్త నుండి కోడలికి సంక్రమించుచు వచ్చినది. నుదుటిపై చేతిని వెనుకకు త్రిప్పి ఆనించి చూచుట, అరికాళ్లు తడవి చూచుట, నాలుక పూత కట్టినదేమో యని బిడ్డను వెలుగునకు తీసికొనిపోయి పరీక్షించుట దానిలోని తొలి పాఠములు. మలి పాఠములు లెక్కకు సంబంధించినవి. చలిజ్వరమునకు దినము విడిచి దినము వచ్చు వరుస యొకటి. టైఫాయిడ్ అని నేడు మనము పిలుచు జ్వరమునకు 21 దినముల గడువు. అమ్మవారు పోసినచో మొదటి పొక్కు కనబడిన నాటి నుండి వేపాకు నీళ్ల స్నానము వఱకు వేఱొక లెక్క. లెక్కలు వేఱైనను అన్నిటికిని ముగింపు ఒక్కటియే. ఒడలు చెమర్చి, జ్వరము విడిచి, బిడ్డ ఆకలియని నోరు తెఱచిన నాడు ఇల్లంతయు తెప్పరిల్లెడిది. లంఘనములు చాలించి, పాతబియ్యపు అన్నమును మెత్తగా పిసికి, బీరకాయ కూరతో పథ్యము పెట్టెడివారు. అంతటితో కాపలా ముగిసెడిది.

హైదరాబాదు నడిబొడ్డున నున్న అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములలో ఈ విద్య యెట్లు తలక్రిందులయ్యెనో చెప్పుటయే నా యుద్దేశము. గడచిన రెండు మూడు దశాబ్దములలో డెంగీ వచ్చి మొదటి పాఠముల జోలికి పోక, ఆ తుది పాఠమును మాత్రము తారుమారు చేసినది. ఈ జ్వరమునందు వేడిమి దిగిన నాడు కాపలా ముగియదు సరికదా, అసలు కాపలా ఆనాడే మొదలగును. తరతరములుగా ఊపిరి పీల్చుకొనుటకు నేర్చిన ముహూర్తముననే ఊపిరి బిగబట్టవలసి వచ్చుట తల్లులకు ఎంత కష్టమో, వైద్యులకును మొదట అంతే కష్టమైనది.

ఇప్పటి అమీర్‌పేట కూడలిలో మెట్రో వంతెన క్రింద నిలుచుండి, సాఫ్ట్‌వేర్ కోచింగుల బోర్డులను, వాటి వెనుక సందులలో అంతస్తుమీద అంతస్తుగా లేచిన హాస్టళ్లను చూచువారికి ఇది యొకప్పుడు నగరమునకు పడమటి పొలిమేర యనిన నమ్మబుద్ధి పుట్టదు. పంజగుట్ట దాపున గుట్టమీద నవాబు ఫక్రుల్ ముల్క్ ఎఱ్ఱమంజిల్ కట్టించుకొన్ననాడు అది నగరపు రద్దీకి దూరపు చోటు. మఱికొంత పడమటగా ఎఱ్ఱగడ్డలో క్షయరోగుల కొఱకు ఛాతీ దవాఖానా వెలసినదియు, అమీర్‌పేట పరిసరములలో ప్రకృతి చికిత్సాలయము నెలకొన్నదియు ఇక్కడి గాలి మంచిదను నమ్మకము గల రోజులను తలపింపజేయును. ఆ గాలి నేడు ఎట్లున్నదో అక్కడి ట్రాఫిక్ పోలీసు ముఖమునకు కట్టుకొన్న గుడ్డయే చెప్పును.

ఈ సీమలో జ్వరములకు మిక్కిలి పాత కాపరి బల్కంపేట ఎల్లమ్మ తల్లి. భూమట్టమునకు దిగువన, బావిలో, నీటి యూటల నడుమ కొలువైన ఆ తల్లికి ఆషాఢమాసమున కల్యాణము చేయుదురు. ఆ బావి తీర్థము ఒడలి పొక్కులను, గాయములను మాన్పునని భక్తులు ఇండ్లకు తీసికొని పోవుదురు. ఆ మాసముననే నగరమంతట బోనాలు. 1813లో జంటనగరములందు మహమ్మారి చెలరేగినప్పుడు ఉజ్జయినిలో విడిసియున్న ఇక్కడి సిపాయిలు మహాకాళికి మ్రొక్కుకొనిరనియు, తిరిగి వచ్చి సికింద్రాబాదున ఆ తల్లిని ప్రతిష్ఠించిరనియు చెప్పుకొందురు. మ్రొక్కులోని భక్తి మాట యటుండనిండు. ఆ పంచాంగము మాత్రము మిక్కిలి నిక్కమైనది. తొలకరి పడి, గుంటలు నిండి, ఈగలును దోమలును ముసురుకొను వేళకే ఊరు వేపమండలు పట్టుకొని బయలుదేరును. నేటి ఆరోగ్యశాఖవారు డెంగీ ఋతువని గీత గీయునదియు సరిగా అక్కడి నుండియే, అనగా జూలై మొదలు కార్తికము వఱకు.

దొరతనమువారి కాపలా చాల తరువాతి ముచ్చట. 1908లో మూసీ వఱద, 1911లో ప్లేగు, ఒకదాని వెంట నొకటి వచ్చి నగరమును కుదిపివేసిన పిమ్మట, 1912లో నగరాభివృద్ధి కొఱకు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడెను. ఇఱుకు సందులను వెడల్పు చేయుట, గాలి వెలుతురు సోకు ఇండ్లను కట్టించుట దాని పనులు. అంటురోగుల కొఱకు 1915లో మొదలైన క్వారంటైను ఆసుపత్రి, నేటికిని నల్లకుంటలో, 'కోరంటి దవాఖానా' అను పేరుతోనే జనుల నాలుకలపై నున్నది. కాగితములమీద దాని పేరు సర్ రోనాల్డ్ రాస్ సంస్థ.

ఆ రాస్ కథ అమీర్‌పేటకు ఇరుగుపొరుగున జరిగినదే. బేగంపేటలో, పాత విమానాశ్రయమునకు సమీపమున, ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనములో నున్న పాత మిలటరీ ఆసుపత్రి భవనమే ఆ రంగస్థలము. ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడైన రాస్ 1895లో సికింద్రాబాదునకు వచ్చి, చలిజ్వరపు క్రిమిని దోమ కడుపులో వెదకుటకు పూనుకొనెను. హుస్సేన్ ఖాన్ అను రోగికి కుట్టిన దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున ఇచ్చుచు, దోమతెరలోనికి దోమలను వదలి కుట్టించెడివాడు. పంకా వేసినచో కోసిన దోమల ముక్కలు ఎగిరిపోవునని వేసవి యుక్కలో గాలి లేకయే కూర్చుండెడివాడు; నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవట. 1897 ఆగస్టు 20వ నాడు, రెక్కలమీద మచ్చలు గల యొక జాతి దోమ కడుపు గోడలో అతడు వెదకుచున్నది కనబడెను. అతనికి 1902లో నోబెల్ బహుమానమును, మనకు ప్రతి ఆగస్టు 20న దోమల దినోత్సవమును అప్పటి నుండి ప్రాప్తించినవి.

ఈ కథలో జనులు తఱచు చెప్పని పుట యొకటి కలదు. మచ్చల రెక్కల దోమ దొరకక మునుపు రాస్ రెండు సంవత్సరములు తప్పు దోమలను కోసికొనుచు గడపెను. వానిలో నొకటి బూడిదరంగు దోమ. వేఱొకటి కుండలలోను తొట్లలోను పెరుగు చారల దోమ. చలిజ్వరపు క్రిమి దానియందు ఎదుగదు గనుక దానిని పనికిరానిదని త్రోసిపుచ్చెను. నేడు ఈడిస్ అని బడిపిల్లలకు సైతము తెలిసిన దోమ అదియే. నూఱేండ్ల తరువాత ఈ నగరపు పసివారిని మంచము పట్టింపనున్న శత్రువు ఆ బల్లమీదనే కూర్చుండి, ఏ నేరమును ఋజువు గాక విడుదలయ్యెను. అదే 1897లో, సముద్రములకు ఆవల ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండునందలి చార్టర్స్ టవర్స్ అను ఊర డెంగీ వ్యాపించి పసిపిల్లలను బలిగొనినట్లు అచ్చటి వైద్యుడు హేర్ వ్రాసి యుంచెను. డెంగీని మోయునది ఈ చారల దోమయేయని అచ్చటనే బాన్‌క్రాఫ్ట్ అను వైద్యుడు చెప్పుట 1906 నాటి మాట. ఈ తునకలను కలిపి చూడగలవారు అప్పటికి ఎవరును లేకుండిరి.

ఈ చారల దోమకు అమీర్‌పేటలో అంత చక్కని కాపురము దొరకుటకు కారణము మురుగు కాదు, మంచినీళ్లు. కూకట్‌పల్లి నాలా ఇటు ప్రవహించి హుస్సేన్‌సాగరమున కలియుచు క్యూలెక్సు దోమలను కావలసినన్ని పెంచుచున్నది. వాటి రొద రాత్రి వినబడును, జనులు తిట్టుకొందురు, కార్పొరేషనువారు మందు చల్లుదురు. ఈడిస్ అటువంటిది కాదు. రొద చేయదు, పగలే కుట్టును, మూత లేని తేట నీటిలోనే గ్రుడ్లు పెట్టును. నగరమునకు 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము అమరినప్పుడు నల్లా నీరు ఒక వైభవము. జనము పెరిగి, పొలిమేరలు పేటలై, పేటలు నగర మధ్యములైన పిమ్మట, మంజీర నీటిని తెచ్చినను చాలక, నల్లా దినము విడిచి దినము వచ్చుట వాడుకయ్యెను. చలిజ్వరము వరుస నల్లాకు పట్టుకొన్నదని ఒక వృద్ధవైద్యుడు పరిహాసమాడెడివాడు. దినము విడిచి వచ్చు నీటిని దాచక తప్పదు. కావున ప్రతి యింటను సంపు, మిద్దెమీద సింటెక్స్ ట్యాంకు, స్నానపుగదిలో డ్రమ్ము, పాత యిండ్లలో సిమెంటు హౌజు, ఎండకాలము వెళ్లినను అడుగున నీళ్లు మిగిలిన కూలరు, ఫ్రిజ్జు వెనుక పళ్లెము, కిటికీలో మనీప్లాంటు సీసా.

ఒక డ్రమ్మును దగ్గఱగా చూడుడు. నీటి అంచునకు కొంచెము పైన, తడిసిన గోడకు, మసి రేణువుల వలె నల్లని చుక్కలు అంటి యుండును; అవియే గ్రుడ్లు. నీళ్లు పాఱబోసి బోర్లించినను అవి చావవు; నెలల తరబడి ఎండి యుండి, మరల తడి తగిలినంతనే పిగులును. పీచు పెట్టి గట్టిగా రుద్దిననే గాని ఊడిరావు. తొంగి చూచువాని నీడ నీటిపై పడగానే, పైన వ్రేలాడుచున్న దోమపిల్లలు మెలికలు తిరుగుచు అడుగునకు దిగిపోవును. నీడ తొలగగానే మెల్లగా పైకి వచ్చును. వారము పది దినములలో రెక్కలు. ఎగిరి ఎంతో దూరము పోదు. నాలుగైదు ఇండ్ల పరిధిలోనే దాని జీవితము. అందువలన ఒక హాస్టలు మిద్దెమీది మూతలేని ట్యాంకు, కోచింగుకు వచ్చిన విద్యార్థులకే కాక, అదే సందులో క్రింది వాటాలో కాపురమున్న సంసారుల పిల్లలకును పంచిపెట్టును.

దోమ ఎప్పటి నుండియో ఉన్నను జ్వరము ఎప్పుడు వచ్చెనన్న, దానికి మన దేశమున పాత జాడలే యున్నవి. 1780లో మద్రాసున ఇటువంటి జ్వరము వ్యాపించెననుట గ్రంథస్థమైన విషయము. 1944 ప్రాంతమున కలకత్తాలోని సైనికుల రక్తము నుండి వైరసును వేఱుచేసిరి. 1963లో కలకత్తాలో పెద్దయెత్తున లేచిన డెంగీ తూర్పుతీరము వెంట దిగి, 1964లో విశాఖపట్టణమునకు వచ్చినది. తెలుగునాట ప్రయోగశాలలో పరీక్షలు జరిపిన తొలి ప్రసిద్ధ సందర్భము అదియే. అప్పటి జనులకు అది ఎముకలు విరిచినట్లు నొప్పించు జ్వరము; వారము బాధించి పోయెడి పీడ. 1996లో ఢిల్లీలో 10 వేల మందికి పైగా పడిపోయి, 423 మంది మరణించిన తరువాత గాని దేశము ఉలికిపడలేదు. పిమ్మట దక్షిణ నగరములకును వానకాలపు డెంగీ ఏటేటి వ్యవహారమయ్యెను. పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి మొదట నిజాము ధర్మనిధి సొమ్ముతో కట్టిన ఎముకల దవాఖానా. ఎముకలు విరుచు జ్వరమునకు అదియే తగిన చోటని ఎవరైన చమత్కరించిన తప్పుపట్టలేము. అయితే పసివారి భారమంతయు పడినది అక్కడ కాదు. రాకుమారి నీలోఫర్ పేర 1953లో రెడ్‌హిల్స్‌లో తెఱచిన పిల్లల దవాఖానామీదను, పంజగుట్ట, సోమాజిగూడ వీధులలోని చిన్న చిన్న పిల్లల క్లినికులమీదను.

పిల్లలను ఎట్లు కనిపెట్టవలెనో నేర్పినది బ్యాంకాకు. 1954 ప్రాంతమున మనీలాలోను, 1958లో బ్యాంకాకులోను పిల్లలు విచిత్రముగా చనిపోవుచుండిరి. మూడు నాలుగు దినములు తీవ్రజ్వరము. నాలుగవ దినమో ఐదవ దినమో జ్వరము దిగును. తల్లిదండ్రులు సంతోషించి ఇంటికి తీసికొని పోవుదురు. ఆ రాత్రియే బిడ్డ చేతులు కాళ్లు మంచుగడ్డలై, నాడి సన్నగిల్లును. ఆ తొలి సంవత్సరములలో ఆసుపత్రికి వచ్చినవారిలో నూటికి పదిమందికి పైగా దక్కకపోయిరి. బ్యాంకాకు పిల్లల ఆసుపత్రిలో సుచిత్రా నిమ్మన్నిత్య యను వైద్యురాలు మంచము ప్రక్కన కూర్చుండి గంట గంటకును వ్రాసికొనుచు కనుగొన్నదేమన, చంపుచున్నది జ్వరము కాదు, రక్తస్రావము సైతము ముఖ్యముగా కాదు. జ్వరము దిగు వేళ రక్తనాళముల గోడలు వదులై, రక్తములోని నీరు కడుపులోనికి, ఊపిరితిత్తుల చుట్టును ఊరిపోవును. మిగిలిన రక్తము చిక్కబడి, గుండెకు త్రోయుటకు చాలదు. ఈ ఊట ఒకటి రెండు దినములే. పిమ్మట దానంతట అదియే కట్టుబడును. ఆ ఒకటి రెండు దినములు కొలిచి కొలిచి నీరు ఎక్కించినచో బిడ్డ దక్కును. తక్కువైన ప్రమాదము, ఎక్కువైనను ప్రమాదమే. ఆమె ఏర్పఱచిన నాలుగు అంతస్తుల వర్గీకరణము ఆధారముగనే 1975లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమావళి వెలువడెను. క్రొత్త మందేదియు లేకయే, కేవలము కనిపెట్టి చూచుటచేతను, వేళకు సెలైను పెట్టుటచేతను మరణములు నూటికి ఒకటికి దిగువకు వచ్చినవి. వైద్యచరిత్రలో ఇంతటి గెలుపునకు దక్కవలసినంత కీర్తి దక్కలేదని నా యభిప్రాయము. సీసాలో పట్టి అమ్ముటకు అందులో ఏమియు లేకపోవుటయే కారణము గావచ్చును.

ఆ విద్య పంజగుట్ట క్లినికులో ఎట్లు కనబడునో చూతము. సెప్టెంబరు మాసపు సాయంకాలము బల్లలమీద పిల్లలు తల్లుల ఒడులలో వ్రేలాడుచుందురు. డాక్టరు అడుగు మొదటి ప్రశ్న జ్వరమెంత యని కాదు, "బాబు ఒంటికి పోయిండా, అమ్మా?" యని. నాలుగు నుండి ఆఱు గంటలకు ఒకసారియైన మూత్రము రావలెను. రానిచో లోపల నీరు తగ్గినదని గుర్తు. పిదప నర్సు బిడ్డ బొటనవ్రేలి గోరును నొక్కి వదలును. తెల్లబడిన గోరు రెండు సెకనులలో మరల ఎఱ్ఱబడవలెను. మోచేతి పైన బి.పి. పట్టీ చుట్టి, పై అంకెకును క్రింది అంకెకును నడుమ నిలిపి, ఐదు నిమిషములుంచి విప్పుదురు. మోచేతి మడత క్రింద అంగుళము మేర చోటులో ఎఱ్ఱని సన్నచుక్కలు పదికి మించినచో అనుమానము బలపడును. బి.పి. రెండంకెల నడుమ ఎడము 20కి దిగెనా, ఆ బిడ్డను ఇంటికి పంపరు. తల్లికి చెప్పి పంపు గుర్తులు కొన్నియే: కడుపునొప్పి తగ్గకుండుట, ఆగని వాంతులు, చిగుళ్ల నుండియో ముక్కు నుండియో రక్తము, జ్వరము లేకున్నను మగతగా పడియుండుట లేక ఊరక చిరచిరలాడుట, చల్లని చేతులు. పారాసెటమాల్ తప్ప జ్వరమునకు వేఱు మాత్ర వేయరాదని, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోరాదని రెండుసారులు చెప్పుదురు. కొబ్బరినీళ్లు, గంజి, ఓ.ఆర్.ఎస్. మాత్రము గుక్కెడు గుక్కెడుగా పోయుమందురు. పాతకాలపు లంఘనము ఇక్కడ పనికిరాదు. ఆ మాట అవ్వలకు నచ్చజెప్పుట డాక్టర్లకు నేటికిని కష్టమే.

ఈ విద్యకు మన నగరములో ఒక ప్రతిబంధకము పుట్టినది. దాని పేరు ప్లేట్‌లెట్లు. లక్షా యాభైవేలు ఉండవలసినవి ఎనుబదివేలాయె, నలుబదివేలాయె అని బంధువులు ఫోనులలో క్రికెట్టు స్కోరు వలె చెప్పుకొందురు. రక్తనిధుల యెదుట దాతల కొఱకు పరుగులు. ఇంటిలో బొప్పాయి ఆకు దంచి, పసరును పసివాని గొంతులో పోయుట, వాడు దానిని వాంతి చేసికొనుట, ఆ వాంతి ప్రమాదసూచనయో పసరు ఫలితమో తెలియక డాక్టరు తల పట్టుకొనుట. ప్లేట్‌లెట్లు దిగుట రోగపు జాడయే గాని, రక్తస్రావము లేని బిడ్డకు అంకె చూచి వాటిని ఎక్కించిన మేలు కలుగదని నియమావళులు చెప్పుచున్నవి. అదే రక్తపరీక్ష కాగితముపై రక్తపు చిక్కదనమును చూపు హెమటోక్రిట్ అను వేఱొక అంకె యుండును. అది అయిదవ వంతు పెరిగినచో నీరు ఊరిపోవుచున్నదని యర్థము. ప్రాణము నిలుచునది ఆ అంకెను వేళకు చూచుటవలన. దానిని ఫోనులో అడుగు బంధువును నేను ఎఱుగను.

సర్కారు కాపలా వేఱొక తీరున నడచుచున్నది. 2007లో దేశమంతట 110 ఆసుపత్రులను కాపలా కేంద్రములుగా నిర్ణయించి, పుణే వైరాలజీ సంస్థ నుండి పరీక్షా సామగ్రిని పంప మొదలిడిరి. మొదటి ఐదు దినములలో ఎన్.ఎస్.1 పరీక్ష, పిమ్మట ఐ.జి.ఎం. పరీక్ష, ఏదియైనను ప్రయోగశాలలో ఎలైసా పద్ధతిన తేలిననే అధికారిక డెంగీ. వీధి ల్యాబులో పదిహేను నిమిషములలో గీత చూపు కార్డు పరీక్ష ఆ లెక్కకు రాదు. కావుననే సందులో ఇంటికొకరు పడిపోయినను ప్రభుత్వపు పట్టికలో అంకె చిన్నదిగా కనబడుటయు, దానిపై ఏటేట వాదులాటయు. 2019లో తెలంగాణమందు అధికారిక లెక్కయే 13 వేలు దాటినప్పుడు హైకోర్టు ప్రభుత్వ ప్రధానాధికారులను పిలిపించి నిలదీసెను. 2020 మే మాసమున, ప్రతి ఆదివారము ఉదయము పది గంటలకు పది నిమిషములు ఎవరి యింటి నీళ్లను వారు పాఱబోయవలెనను కార్యక్రమము వచ్చినది. వారమునకొకసారి యనుట శాస్త్రసమ్మతమే. గ్రుడ్డు దోమ యగుటకు పట్టు కాలము అంతియే గదా. సందులో సాయంకాలము పొగబండి తిరుగుట మాత్రము కన్నులకు పండువే గాని, పగటి వేళ కుట్టి, ఇంటిలో బీరువా వెనుక, మంచము క్రింద దాగు దోమకు ఆ పొగవలన కలుగు నష్టము స్వల్పము. అయినను పొగబండి రాలేదని కార్పొరేటరును నిలదీయువారు, తమ మిద్దెమీది ట్యాంకు మూత ఎగిరిపోయిన సంగతి నెలలు గడచినను ఎఱుగరు.

జ్వరము విడిచి రెండు దినములు గడచి, బిడ్డ తిండికి అలవాటుపడి, అరచేతులందును అరికాళ్లందును దురదలు పుట్టి, ఎఱ్ఱని చర్మముపై తెల్లని మచ్చలతో దద్దు తేలినచో గండము గడచినట్లు. ఆ దురదను చూచి తల్లులు మరల భయపడి క్లినికునకు వత్తురు. ఆ భయము నెఱిగిన డాక్టర్లు చిఱునవ్వుతో పంపివేయుదురు. పథ్యము, బీరకాయ, అన్నియు అప్పుడు. అయితే డెంగీ వైరసులు నాలుగు తెగలు. ఒక తెగ సోకినవానికి ఆ తెగ మరల సోకదు గాని, వేఱొక తెగ రెండవమారు సోకినప్పుడు రోగము తఱచు మొదటిదానికంటె తీవ్రమగును. లోగడ డెంగీ సోకిన తల్లి కన్న శిశువునకు, తల్లి నుండి వచ్చిన రక్షకపదార్థములు తరుగు దశలో, ఆఱు మొదలు తొమ్మిది నెలల ప్రాయమున మొదటి జ్వరమే అట్టి తీవ్రతను చూపవచ్చును. కావున తెలిసిన క్లినికులలో టీకాల కార్డు వెనుక, ఏ యేట, ఏ నెలలో ఏ పరీక్ష తేలినదో సిరాతో వ్రాసి యిత్తురు. ఎలైసా కాగితమును పాఱవేయక ఆ కార్డుతోపాటు దాచుకొని, వచ్చు వానకాలమున జ్వరము తగిలిన మొదటి దినముననే డాక్టరు చేతికి ఇమ్మందురు.